ఎడమచేతి సైన్యం

గ్రాజ్,
2024 మార్చి 4, సోమవారం

మహాలోహపరీక్షా ధురంధర, తొమ్మిది మేకల ఏకైక అధినేత్రి వాల్‌బుర్గా అత్తగారి సముఖానికి మేనల్లుడు కొర్బినియన్ వంగి వంగి రాసుకునే విన్నపం.

అత్తా, ముందు క్షేమం. నేను బాగున్నాను. చరిత్ర నాలుగో సెమిస్టరు కూడా బాగుంది. అది నన్ను పట్టించుకోదు, నేను దాన్ని పట్టించుకోను. నువ్వు ఫోనెత్తవు, నీ కొండమీదికి ఇంటర్నెట్ ఎక్కదు. అందుకని కాగితం.

ఐసెన్‌మిల్ష్ అని ఒక బృందం ఉంది. అంటే ఇనుప పాలు. అరుస్తారు, డ్రమ్ములు బాదుతారు, జుట్టు విసురుతారు. నాకు ప్రాణం. వాళ్ళు పోయిన నెల ఒక మ్యూజిక్ వీడియో విడుదల చేశారు. ఏడుగురు వీరులు కవచాలు తొడుక్కుని, మూడొందల గొర్రెల్ని వెంటేసుకుని ఒక కోటమీదికి దండెత్తుతారు. ఎందుకో పాట ఎన్నిసార్లు విన్నా తెలియదు. ఇందులో గిటారన్నది లేదు. కత్తులు, ఈటెలు, గొర్రెలు, అంతే.

దీనిమీద పోటీ పెట్టారు. ఆ ఏడు కవచాల్లో ఏది ఏ కాలపు నమూనా, ఏది ఉత్త కల్పన, చెప్పాలి. సరిగ్గా చెప్పినవాడికి వచ్చే వీడియోలో నిజం గుర్రమెక్కి, నిజం ఇనుము తొడుక్కునే అవకాశం. గడువు మార్చి ఇరవై. అత్తా, నాకు ఆ గుర్రం కావాలి.

లోడర్‌బాఖ్ ఊరి పాత కవచాల ఆయుధశాలని ఇరవై రెండేళ్ళు కాపాడిన మనిషిని మేనత్తగా పెట్టుకుని నేను పుస్తకాలు తిరగేయడం ఏం మర్యాద? "అత్త దగ్గర లోడర్‌బాఖ్ మాట ఎత్తకు" అని నాన్న నా ఎనిమిదో ఏటినుంచి చెబుతున్నాడు. ఎందుకో చెప్పడు. ఇదిగో, ఎత్తాను. తిట్లు ఉత్తరం చివర పెట్టు. ముందు కవచాలు చూడు. వీడియోలోంచి ఏడు ఫొటోలు తీయించి పంపుతున్నాను.

గుర్రంలేని అశ్వవీరుడు,
కొర్బినియన్


రాబెన్‌ఆల్మ్,
9 మార్చి

ఒరే కోర్బీ,

తపాలా జీపు గురువారం వచ్చింది. తిట్టను. ఆ ఊరి మాట ఎత్తినందుకు తిట్టాలంటే చాలా కాగితం పడుతుంది, నా దగ్గరున్నది మేకలు ఈనిన తేదీలు రాసుకునే పుస్తకం ఒక్కటే. దాంట్లోంచి చింపి రాస్తున్నాను.

ఒకటోవాడిది గొలుసు చొక్కా. నమూనా నిజమైనదే, పదమూడో శతాబ్దం. కడియాలు మాత్రం అల్యూమినియం. నిజం చొక్కా అయితే పన్నెండు కిలోలు కిందికి లాగుతుంటే భుజాలు అలా ఎగరవు. రెండోవాడికి భుజాలమీద అడుగేసి కొమ్ములు. తల తిప్పితే సొంత చెవే తెగుతుంది. కల్పన అని కూడా అనను, కల్పనకి కాస్త బుద్ధి కావాలి.

మూడోది చూసి ఆశపడ్డాను. కొట్టినవాడెవడో పనివాడే. కాని ముందువైపు కుడి రేకు ఎడమ రేకు మీదికి వచ్చింది. ఎదుటివాడి మొన మన ఎడమ పక్కనుంచే వస్తుంది కదా, ఎడమ రేకు పైన ఉంటేనే అది జారిపోతుంది. వీడిది తిరగబడింది. మొన తిన్నగా గుండెలోకి. కల్పన. నాలుగోది మరీ దారుణం. ఈటె చంకలో ఇరికించుకోవడానికి కుడి భుజం రేకుని కొరికినట్టు కోసి చిన్నది చేస్తారు. వీడికి ఎడమది చిన్నది! ఐదోవాడిదీ అంతే. ఇహ కత్తులు. అందరికీ కుడి తుంటిమీద వేలాడుతున్నాయి. కుడిచేత్తో ఎలా దూస్తార్రా? ఏడుగురికి ఏడుగురూ ఎడమచేతి వాటమా? సైన్యమా, పుర్రచేతివాళ్ళ సంఘమా?

ఏడోది ప్లాస్టిక్. ఎండకి మెత్తబడింది, మోకాలు చూడు. గొర్రెలు మాత్రం నిఖార్సైనవి.

ఆరో ఫొటో సరిగా రాలేదు. ఛాతీ భాగం పెద్దది చేసి పంపు. వెంటనే పంపు.

అత్త


గ్రాజ్,
14 మార్చి

లోహమాతకు జయము జయము!

కంగారు పడకు, అది నువ్వే. నీ ఉత్తరం చదివి మంచంమీద దొర్లాను. అంత జ్ఞానం నా ఒక్కడి దగ్గర పెట్టుకోవడం పాపమనిపించి, ఐసెన్‌మిల్ష్ అభిమానుల ఇంటర్నెట్ వేదికలో "లోహమాత తీర్పులు" అని పెట్టేశాను. అత్తా, దేశం ఊగిపోతోంది! చెవి తెగే కొమ్ముల గురించి ఒకాయన పాటే కట్టాడు. "గొర్రెలు మాత్రం నిఖార్సైనవి" అన్నమాట చొక్కాలమీద అచ్చువేస్తున్నారు. రక్తగొడ్డలి అనే పేరుతో రాసే ఒక పెద్దమనిషి మాత్రం ఎదురుతిరిగాడు. మూడో కవచం చేసిన కమ్మరి తనకి తెలుసనీ, ఆయన జన్మలో తప్పు చేయడనీ, లోహమాతకి కళ్ళద్దాలు కావాలనీ రాశాడు. నేను ఊరుకుంటానా? పళ్ళ డాక్టరు దగ్గర ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకుని బతికే రక్తగొడ్డలికి అత్తని అనే అర్హత లేదని ఉతికి ఆరేశాను.

ఇప్పుడు నీ వెంట నాలుగు వేలమంది పడ్డారు. లోడర్‌బాఖ్‌నుంచి కూడా ఇద్దరున్నారు! నువ్వెవరో కనిపెట్టి తీరతామని అందరూ పంతం పట్టారు.

ఆరోది పెద్దది చేసి పెడుతున్నాను. అది పాడేవాడు టాన్‌క్రెడ్ తొడుక్కున్నది. (అసలు పేరు గెర్నోట్. వాళ్ళమ్మకి బేకరీ ఉంది.) వాళ్ళు వేషాలు తెచ్చుకున్న అద్దెకొట్టులో ఉన్నవాటిల్లో అన్నిటికంటే బరువైనది అదేనట, అది తొడుక్కుంటే తనకి గొంతు పాతాళంలోంచి వస్తుందట.

నీ ప్రచార మంత్రి,
కొర్బినియన్


రాబెన్‌ఆల్మ్,
18 మార్చి

కొర్బినియన్,

నా పేరు ఎవరికి చెప్పావు? నాలుగు వేలమంది నా వెంట పడటమేమిటి? పోయినసారి నలభైమంది పడితేనే ఊరు వదిలిపెట్టాను. లోడర్‌బాఖ్ ఇద్దరూ ఎవరు? అందులో ఒత్మార్ ప్రాస్ల్ ఉన్నాడా? పళ్ళ డాక్టరు మనిషికి నామీద కోపమెందుకు?

మీ నాన్న చెప్పనిది నేనే చెబుతాను. తర్వాత ఇంకెవరి నోటో వినకు.

1997 ఆగస్టు. ఊళ్ళో కోట ముట్టడి నాటకం. ప్రాస్ల్ అప్పుడు ఆయుధశాల సంఘానికి అధ్యక్షుడు, ఇప్పటికీ అతనే. నాటకంలో సేనాపతి కూడా అతనే. నాటకసంఘంవాళ్ళ పల్చటి రేకు కవచం తొడుక్కోనన్నాడు. ఆగ్స్‌బుర్గ్‌లో 1540 ప్రాంతంలో చేసిన మన ఛాతీ కవచమే కావాలని పట్టుబట్టాడు. కాగితం రాయించుకోకుండా ఇచ్చాను. నా తప్పు అంతవరకే. సోమవారం నాటకసంఘంవాళ్ళు గోనెసంచిలో తిరిగి తెచ్చిచ్చారు. విప్పి చూస్తే రంగు పూసిన రేకు. "నేను అసలుదే పంపాను" అన్నాడు ప్రాస్ల్. నిజంగానే అలా నమ్మాడు, అదే నా ఖర్మ. మరి మధ్యలో మార్చింది ఎవరు? తాళాలున్న మనిషి. రొట్టెల కొట్లో నేను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. కేసు పెట్టలేదు, పెట్టినా బాగుండేది.

నేను దొంగని కానని చూపించడానికి ఈ లోకంలో ఒకే ఒక్క వస్తువుంది. అది ఆ ఇనుము.

అందుకే ఆరోది పెద్దది చేయమన్నాను. నువ్వు పంపింది పశువుల డాక్టరు భూతద్దం తెచ్చుకుని చూశాను. కడుపుమీద తుపాకీ గుండుతో పరీక్షించిన సొట్ట ఉంది. చంక దగ్గర అతుకు ఉంది, మూడు మేకులు. అచ్చం మనదాని గుర్తులేరా. తర్వాత రంధ్రాలు చూశాను. ఈటె ఆనించే కొక్కెం బిగించడానికి రెండు రంధ్రాలుంటాయి. మనదానికి కుడివైపు. అందరివాటికీ కుడివైపే. దీనికి ఎడమవైపు. సొట్టా అటే, అతుకూ అటే. ఎవడో ఫొటో చూసి, అదీ తప్పుగా చూసి చేసిన నకలు.

కాబట్టి అది కాదు. ఆ వేదికమీదనుంచి నన్ను తీసెయ్.

వాల్‌బుర్గా


గ్రాజ్,
21 మార్చి

అత్తా,

ఈసారి బిరుదులు లేవు. ముందు క్షమాపణ. "వెంట పడటం" అంటే ఈ రోజుల్లో నువ్వు రాసేది చదవడానికి ఎదురుచూడటం. వాళ్ళు నిన్ను ప్రేమిస్తున్నారు. రక్తగొడ్డలి కూడా. నీ పేరు ఎవరికీ చెప్పలేదు. ఆ లోడర్‌బాఖ్ ఇద్దరూ పదిహేనేళ్ళ కవలలు. అయినా మొత్తం తీసేశాను. నాన్న మీద కూడా అరిచాను. ఆయన "నేను ఆ రోజు మీ అత్త పక్కన నిలబడి ఉండాల్సింది" అన్నాడు.

ఇప్పుడు కుర్చీలో కూర్చో. మేకలుంటే పక్కకి పంపు.

మొన్న గొప్పకోసం ఆ ఫొటోలన్నీ నా గది కిటికీ అద్దానికి అంటించాను, వీధిలో పోయేవాళ్ళు చూడాలని బొమ్మ బయటికి పెట్టి. ఇవాళ పొద్దున కాఫీ కప్పుతో నిలబడ్డాను. కిటికీలో ఎండ. పల్చటి కాగితాల్లోంచి బొమ్మలు వెనకనుంచి కనబడుతున్నాయి. అత్తా, కత్తులన్నీ ఎడమ తుంటిమీద ఉన్నాయి! మూడోవాడి ఎడమ రేకు పైన ఉంది! నాలుగోవాడి కుడి భుజం కొరికినట్టుంది! సైన్యం మొత్తం ఒక్కసారిగా కుడిచేతివాళ్ళయిపోయింది! కాఫీ నా సాక్సుమీద పోయింది, అది వేరే విషయం.

వెంటనే ఆ వీడియో కూర్చిన అమ్మాయికి రాశాను. గంటలో జవాబు. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "దర్శకుడేమో సైన్యం కుడివైపుకే నడవాలంటాడు. గొర్రెలేమో ఎడమకి తప్ప కదలవు, వాటి దొడ్డి అటుంది. మూడు గంటలు బతిమాలాం, ఉప్పు చూపించాం, దర్శకుడు ఏడ్చాడు. చివరికి వీడియోనే తిప్పేశాం. ఎవరూ గమనించలేదనుకున్నామే!"

అంటే నీ తీర్పులన్నీ సరైనవే, అద్దంలోవాళ్ళకి. మన జాబితా నేను మొన్ననే పోటీకి పంపేశాను. గుర్రం పోయింది. పోనీ.

ఆరోది సరిగ్గా తిప్పి మళ్ళీ తీయించాను. ఇందులో పెడుతున్నాను. నేనేమీ అనను. నువ్వే చూడు.

కోర్బీ


రాబెన్‌ఆల్మ్,
25 మార్చి

అదే.

అదేరా. రంధ్రాలు కుడివైపు. కుడి చంక దగ్గర అతుకు, మధ్య మేకు కాస్త వంకర. ఆ వంకర మేకుని నేను ఇరవై రెండు శీతాకాలాలు నూనె గుడ్డతో తుడిచాను. జీపు డ్రైవరు ముందే అరిచాను. ఆయన హారన్ కొట్టాడు. మేకలు చెదిరిపోయాయి, ఇంకా రెండు రాలేదు.

నా బుద్ధికి ఏమైంది? ఆయుధశాలలో స్లైడ్లు వేసి ఉపన్యాసం చెప్పే రోజుల్లో ఎవడైనా స్లైడు తిరగేసి పెడితే చీకట్లోనే కనిపెట్టి చెవి మెలేసేదాన్ని. అలాంటిది, కాగితంమీద వచ్చేసరికి నమ్మేశాను. అంత కోరిక పెట్టుకుని చూస్తే భయమేస్తుంది కోర్బీ. ఎక్కడ తప్పు దొరుకుతుందా అని వెతుక్కున్నాను, దొరికింది.

ఇప్పుడు విను. ఆ అద్దెకొట్టు ఎక్కడుందో కనుక్కో. నువ్వే వెళ్ళు. వేదికమీద ఒక్క ముక్క పెట్టావో, నీ పేరు మేకకి పెట్టి అమ్మేస్తాను. మెడ అంచున ఎడమవైపు పైన్ కాయ ముద్ర ఉండాలి, గోరంత. అది ఆగ్స్‌బుర్గ్ ముద్ర. ఉందో లేదో చూసి రాయి. ఆ పాటల కుర్రాడు దాన్ని దేంతో తోముతున్నాడు? ఇసుకతోనా? వద్దు, నాకు చెప్పకు. చెప్పు.

అత్త


గ్రాజ్,
28 మార్చి

గూఢచారి నివేదిక. చదివిన వెంటనే మింగేయవలెను. (మేకకి పెట్టినా సరే.)

కొట్టు ఊరి చివర, మూతపడ్డ పాల డైరీ షెడ్డులో ఉంది. యజమాని ట్రుమ్మర్ అనే ఆవిడ, నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది.

"ఏం కావాలి నాయనా? రాజువా, రాక్షసుడివా?"

"టాన్‌క్రెడ్ తొడుక్కున్న ఛాతీ కవచం."

"ఈ నెల్లో నువ్వు పద్నాలుగోవాడివి. అదిగో, బొద్దింకల మందు పక్కన. ఎత్తకు, కాలిమీద పడితే వేళ్ళు నీవి, పూచీ నాది కాదు."

"ఎక్కడిదండీ ఇది?"

"లోడర్‌బాఖ్ నాటకసంఘం మూతపడ్డప్పుడు పెట్టెలతో సహా కొన్నా. ఇరవై ఏళ్ళయింది. అన్నీ రేకువే. ఇదొక్కటే ఏమిటో, మిగతావాటిలా మోగదు."

వేలు మడిచి కొట్టి చూపించింది. పక్కనున్న రేకు "టింగ్" అంది. ఇది "దుమ్" అంది. అత్తా, అది ఇనుము!

మొత్తం నల్లరంగు పూశారు, నాటకంవాళ్ళ పనే. టాన్‌క్రెడ్ చెమటకి మెడ దగ్గర కొంత లేచిపోయింది. అక్కడ ఫోను దీపం వేసి చూశాను. ఎడమవైపు. గోరంత. పైన్ కాయ. పొలుసులు కూడా లెక్కపెట్టొచ్చు.

నేను నోరు మూసుకున్నాను. ఇది చరిత్రలో మొదటిసారి, నాన్నకి చెబితే నమ్మలేదు. ఈస్టర్ అయ్యాక మంగళవారానికి నీ పేరుమీద అద్దెకి చెప్పి వచ్చాను.

"సందర్భం ఏమిటి?" అంది.

"మా అత్త పుట్టినరోజు."

"ఎన్నోది?"

"అరవై తొమ్మిది."

"నెత్తిమీదికి ఈక కూడా ఇవ్వనా?"

ఇమ్మన్నాను. మంగళవారం నాకు పరీక్ష, అది తప్పించుకుంటే నాన్న నన్ను బొద్దింకల మందు పక్కన పెడతాడు. నువ్వే వెళ్ళాలి. అబద్ధం సరిగ్గా ఆడు.

కోర్బీ


లోడర్‌బాఖ్,
5 ఏప్రిల్, శుక్రవారం

కోర్బీ,

గెలిచాం. ముందు అది రాసేశాను, ఇహ నింపాదిగా చదువు.

అబద్ధం ఆడలేకపోయాను. ట్రుమ్మర్ "పుట్టినరోజు శుభాకాంక్షలు" అంటూ ఈక చేతిలో పెట్టింది. అది పట్టుకుని మొత్తం కక్కేశాను, 1997నుంచి గొర్రెల దాకా. ఆవిడ నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. "ఇరవై ఏళ్ళు నీ పరువు నా షెడ్డులో వేలాడిందా?" అని ఒక మాట అంది. తర్వాత ఇంకో నాలుగు అంది, అవి రాయలేను. కొట్టు మూసేసింది. కవచాన్ని దుప్పట్లో చుట్టి తన వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. నేను వెనకాల మాంత్రికుల టోపీల మధ్య కూర్చున్నాను.

ఆయుధశాల మెట్లు నాకు తెలియకుండానే ఎక్కాను. మన ఆగ్స్‌బుర్గ్ కవచం స్టాండు ఇంకా అక్కడే ఉంది. శిరస్త్రాణం ఉంది, వీపు రేకు ఉంది, ముందు ఖాళీ. కింద చీటీ: "ముందు భాగం 1997లో పోయింది." ఆ "పోయింది" అన్న మాట ఎలా వినబడుతుందో ఈ ఊరివాళ్ళనడుగు.

ప్రాస్ల్‌ని పిలిపించారు. ఎనభై రెండేళ్ళు, చేతికర్ర. నన్ను చూసి ఆగిపోయాడు. దుప్పటి చూసి, "ఏమిటది వాల్‌బుర్గా?" అన్నాడు. చేతితొడుగులు వేసుకున్నాను. ట్రుమ్మర్ ఒక పక్క పట్టుకుంది, నేను ఒక పక్క. ముందు రేకూ వీపు రేకూ ఒకే కమ్మరి ఒకదానికోసం ఒకటి కొట్టినవి. నకలైతే ఎక్కడో ఒకచోట వేలు దూరుతుంది. భుజం పట్టీల రంధ్రాలు మేకులమీదికి తెచ్చాం. కుడి. ఎడమ. టక్. టక్. వెంట్రుక దూరే సందు లేదు.

ప్రాస్ల్ కాపలావాడి కుర్చీలో కూలబడ్డాడు. "ఆ రోజు ఉక్క," అన్నాడు. "చప్పట్లు ఆగట్లేదు. విప్పి చేతికందిన కుప్పమీద పడేశాను. అది ఆయుధశాలకి తిరిగి వెళ్ళే కుప్పే అనుకున్నాను, నాటకంవాళ్ళ రేకుల కుప్ప అని చూసుకోలేదు. నేనే. నేనే వాల్‌బుర్గా." కర్ర కిందపడింది, తీసుకోలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్లమీద నిలబడి ఊరందరికీ తనే చెబుతానన్నాడు. కాగితంమీద రాసి సంతకం పెట్టి ఇమ్మన్నాను. ఇచ్చాడు. పాత తప్పు రెండోసారి చేయను.

నువ్వడగబోయేది నాకు తెలుసు. ఏమన్నావత్తా, ఎలా దులిపావు అని. ఇరవై ఏడేళ్ళుగా ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నానురా. పాలు పితుకుతూ మెరుగుపెట్టాను. మేకలకి కంఠతా వచ్చు. నోరు తెరిచాను. అంతలో ఆ ముసలాడు లేచి, వట్టిచేత్తో కవచాన్ని తాకబోయాడు. రంగు లేచిన చోట, బయటపడ్డ ఇనుముమీద! చెమట తగిలితే అక్కడ వేలిముద్ర తుప్పై కూర్చుంటుంది.

"ఒత్మార్!" అని అరిచాను. హాలంతా మోగింది. మీ ఇనుప పాలవాళ్ళు వింటే ఉద్యోగమిచ్చేవాళ్ళు. "చేతులు కడుక్కుని రా. అప్పుడు పట్టుకుందువు గాని."

సరేనని తల ఊపి నడుచుకుంటూ వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. వచ్చాడు, కళ్ళూ చేతులూ రెండూ తడే.

మళ్ళీ పంపాను, తుడుచుకుని రమ్మని.

అత్త